గ్లాసు మేడమ్ గారి కొత్తల్లుడు

యూనివర్సిటీలో ఆవిడ అసలు పేరు జీతాల బిల్లు తయారుచేసే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. విద్యార్థులకీ, తోటి మేష్టర్లకీ, ఆఖరికి గేటు దగ్గర వాచ్‌మన్‌కీ ఆవిడ గ్లాసు మేడమే. ఆ పేరు ఊరికే రాలేదు. రోబోలంటే గెంతేవీ, ఎగిరేవీ, పల్టీలు కొట్టేవీ అని జనం చప్పట్లు కొడుతున్న రోజుల్లో ఆవిడ ఒకే ఒక్క పనికి నడుం కట్టింది. ఇనప చెయ్యి మనిషి చేతికి గ్లాసుడు మంచినీళ్ళు అందించాలి. తొణక్కుండా, జారకుండా, లాగులాట లేకుండా. అంతే. ఆ "అంతే" వెనకాల పడి ఆవిడ నల్లజుట్టు కాస్తా తెల్లబడింది.

"మా కోడలు గ్లాసుడు మంచినీళ్ళివ్వడానికి ఇరవై ఏళ్ళుగా తంటాలు పడుతోందమ్మా," అనేవారు వాళ్ళ అత్తగారు, ఇంటికి ఎవరొచ్చినా. "ఈలోగా దాహమేస్తే వంటింట్లోకి వెళ్ళి మీరే తెచ్చుకోండి." వచ్చినవాళ్ళు నవ్వాలో మానాలో తెలియక మేడమ్ వంక చూసేవాళ్ళు. మేడమే ముందు నవ్వేసేది. అత్తగారికి యూనివర్సిటీలో ఉద్యోగమిచ్చి మీటింగులకి పంపిస్తే ఏ డీనూ నోరెత్తడని మేడమ్ గట్టి నమ్మకం.

ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో కూడా చెప్పాలి. ఇంజనీరింగులో చేరినప్పుడు ఆ క్లాసు మొత్తానికి ఆడపిల్ల ఆవిడొక్కతే. వర్క్‌షాపులో లేతు మిషన్ దగ్గరికి వెళ్ళబోతే అక్కడి మేష్టారు అడ్డం పడ్డాడు. "నీకెందుకమ్మా ఆ గ్రీజు? హాయిగా మగపిల్లలకి సామాన్లు అందించు," అని పనిముట్ల బల్ల వెనకాల నిలబెట్టాడు. మర్యాదగా పక్కన పెట్టడమంటే అదే మరి. ఆ ఏడాదంతా ఆవిడ సుత్తులూ స్పానర్లూ ఆకురాళ్ళూ అందిస్తూనే ఉంది. కోపం నషాళానికి అంటింది గానీ, ఊరికే నిలబడటం చేతకాని మనిషి కనక గమనించడం మొదలుపెట్టింది. ఒకడు చెయ్యి ఇటు చాపి, చూపు మిషన్ మీదే ఉంచుతాడు, స్పానర్ వెళ్ళి వాడి కాలి మీద పడుతుంది. ఇంకొకడు ఆవిడ వదలకముందే లాక్కుంటాడు. మూడోవాడు పట్టుకున్నట్టే ఉంటాడు, పట్టుకోడు. ఇవ్వడమనే పనిలో ఇంత తిరకాసు ఉందని ఏ పుస్తకమూ చెప్పలేదేమిటా అనుకుంది. లేతు మిషన్ రెండో ఏడు పోట్లాడి మరీ నేర్చుకుంది. కానీ అప్పటికే ఆ బల్ల వెనకాల ఆవిడ జీవితం ఖరారైపోయింది.

పరిశోధనకి వెళ్ళినప్పుడు గైడు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఇదేం టాపిక్కమ్మా? చంటిపిల్లలు చేసే పని," అన్నారు.

"చంటిపిల్లలు ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి లాక్కుంటారు సార్. వాళ్ళకీ సరిగ్గా రాదు."

గైడు గారు ఆ మాటకి పకపకా నవ్వి సంతకం పెట్టారు. ఆ తర్వాత డాక్టరేటు చేతికొచ్చేదాకా ఆయన మళ్ళీ నవ్విన పాపాన పోలేదు.

ఉద్యోగమొచ్చింది. పాఠం చెప్పాల్సిన రోజొచ్చింది. మొదటి క్లాసులో ఆవిడ బోర్డు జోలికే పోలేదు. స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్ళు పోసి ముందు బెంచీ వాడి చేతిలో పెట్టింది. "ఇది చేతులు మారుతూ చివరి బెంచీకి వెళ్ళాలి. చుక్క ఒలికితే మళ్ళీ మొదటికి రావాలి," అంది. పిల్లలు ఇదేం చిల్లర పనని నవ్వారు. గంట కొట్టేసరికి క్లాసులో తడవని చొక్కా లేదు. మధ్య బెంచీ వాడొకడు తల తిప్పకుండా చెయ్యి మాత్రం వెనక్కి పెట్టి, వెనకవాడి ఒళ్ళో మొత్తం కుమ్మరించాడు. గోల సద్దుమణిగాక ఆవిడ ఒక్కటే అడిగింది. "గ్లాసుని సరిగ్గా ఎప్పుడు వదిలావు?" ఒక్కడూ చెప్పలేకపోయాడు.

"పుట్టినప్పట్నించీ చేస్తున్న పని. ఎప్పుడు వదులుతున్నావో నీకే తెలీదు. ఇక ఇనప ముక్కకేం చెబుతావు? ఈ ఏడాదంతా మన పాఠం ఇదే."

అప్పట్నించీ ఏటా మొదటి క్లాసు అదే. "గ్లాసు మేడమ్ క్లాసుకి ఇంకో చొక్కా పట్టుకెళ్ళండిరా," అని పాతవాళ్ళు కొత్తవాళ్ళని హెచ్చరించేవాళ్ళు. పేరు అలా స్థిరపడిపోయింది.

ఇక ఆ ఇనప చెయ్యి సంగతి. మేడమ్ ల్యాబ్ పై అంతస్తు చివర, నీళ్ళ ట్యాంకు కింది గది. కిటికీ సగమే తెరుచుకుంటుంది. తలుపు వెయ్యాలంటే కాస్త పైకెత్తి వెయ్యాలి. గదిలో ఏ మూల చూసినా వైర్లు, నేలమీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ. మధ్యలో బల్లకి బిగించి ఉంటుంది చెయ్యి, భుజం నుంచి వేళ్ళదాకా. వేళ్ళకి లోపలివైపు రబ్బరు, వెలుపల ఇనుము. పైన ఒక కెమెరా కన్ను. విద్యార్థులు దానికి కొత్తల్లుడని పేరు పెట్టారు. పెట్టరూ మరి? గదిలో మంచి చోటు దానిదే. ఏసీ గాలి దానికే. దుమ్ము పడకుండా దుప్పటి దానికే. చుట్టూ నలుగురు నిలబడి ఏం కావాలో కనుక్కుంటూ ఉంటారు, అది మాత్రం పుల్ల తీసి అవతల పెట్టదు. ఏమాత్రం తేడా వచ్చినా అలిగి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, బతిమాలి లేవదీయాలి.

మొదట్లో కొత్తల్లుడు కాగితం కప్పుల్ని పిప్పి చేసేవాడు. తర్వాత స్టీలు గ్లాసుల్ని విసిరికొట్టేవాడు. ఒకసారి పరీక్ష పెట్టడానికి బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ గారి ఒళ్ళో నిండు గ్లాసు పోశాడు. పాపం ఆయన తడి ప్యాంటుతోనే ప్రశ్నలన్నీ అడిగి, వెళ్ళేటప్పుడు "బాగా చల్లగా ఉంది" అని ఒక్క మాటన్నారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేలలేదు.

తప్పు చేతిది కాదు, చెప్పే పద్ధతిది. మేడమ్ ఏళ్ళ తరబడి దానికి నియమాలు రాసింది. బరువు అవతలి చేతిలోకి మారేకొద్దీ పట్టు సడలించు. ముందే వదలకు. మరీ పట్టుకు వేలాడకు. ఒక నియమం రాస్తే దాన్ని తప్పించుకునే మనిషి మర్నాడే ఎదురయ్యేవాడు. ఒకరి చెయ్యి తడి, ఒకరి చెయ్యి వణుకు, ఒకరు గ్లాసుని కింద పట్టుకుంటారు, ఒకరు మూతి దగ్గర. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు దారి చూపించింది కాబోయే డాక్టరమ్మ. ఆ అమ్మాయి మేడమ్ దగ్గర పరిశోధన చేస్తోంది. ఇదిగో ఈ ఏడాది అయిపోతుంది, అదిగో వచ్చే ఏడాది అయిపోతుంది అంటూ చాలాకాలంగా కాబోతూనే ఉంది. "మేడమ్, మనం దానికి చెప్పడం మానేద్దాం. చూపిద్దాం. చూసి నేర్చుకుంటుంది," అంది.

"చూపించడానికి మన దగ్గర ఏముంది?"

"మీ చెయ్యుందిగా."

అలా తయారైంది ఆ చేతొడుగు. వేళ్ళ చివర ఒత్తిడిని కొలిచే చుక్కల్లాంటి సెన్సర్లు, మణికట్టు దగ్గర వైర్ల గుత్తి. దానితోపాటు అవతలి మనిషిని చూడటానికి నుదుటి పట్టీ మీద వేలెడంత కెమెరా. వేసవి సెలవుల్లో మేడమ్ ఇవి రెండూ తగిలించుకుని ఇంట్లో అందరికీ నీళ్ళూ కాఫీలూ అందించాలి. ఆ చెయ్యి ఏం చేసిందో, అవతలివాళ్ళు ఏం చేశారో మొత్తం కంప్యూటర్లోకి ఎక్కుతుంది. కొత్తల్లుడు కూర్చున్నచోట కూర్చుని అదంతా నేర్చుకుంటాడు.

మొదటి రోజు పొద్దున్నే ఆ వేషంలో కాఫీ తెచ్చిన కోడల్ని చూసి అత్తగారు రెండు కాళ్ళూ మంచం మీదికి లాక్కున్నారు. "ఏమిటమ్మాయీ ఇది? తేనెపట్టు కొట్టడానికి వెళ్తున్నావా?"

"లేదత్తయ్యా. మీకు కాఫీ ఇవ్వడానికి వస్తున్నాను."

"నా దగ్గరికి రావడానికి ఇన్ని జాగ్రత్తలా!"

అత్తగారు కాఫీ తీసుకుంటే చూడముచ్చటగా ఉండేది. చేతినీ, గ్లాసునీ, ఇచ్చే మనిషి మొహాన్నీ మార్చి మార్చి చూస్తూ తీసుకునేవారు. కాఫీ ఎంత పోశారో కూడా ఆ చూపులోనే కొలిచేసేవారు. చిక్కంతా ఆవిడ కొడుకుతోనే.

మేడమ్ భర్త ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాడు. మనిషి వెన్న. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. వాన పడితే గొడుగు తీసుకుని యూనివర్సిటీ గేటు దగ్గర గంటైనా నిలబడతాడు. కానీ ఇంట్లో కుర్చీలో కూర్చుని పేపర్లో గళ్ళనుడికట్టు తెరిచాడంటే మాత్రం ఆయన ఈ లోకంలో ఉండడు. కుడిచేతిలో పెన్సిలు, ఎడమచెయ్యి పక్కకి చాచి ఉంటుంది. కాఫీ వస్తే ఆ చేతిలోకి రావాలి. ఎవరైనా కదిపితే, "ఒక్క గడే మిగిలిందోయ్," అంటాడు. ఆ ఒక్క గడి పెళ్ళైన నాటినుంచీ మిగిలే ఉంది.

ఆయన ఆ చేతొడుగుని చూడలేదు. నుదుటి మీద కెమెరానీ చూడలేదు. వైర్లు ఒళ్ళో పడుతుంటే తీసి పక్కన పెట్టాడు గానీ అవి ఎక్కణ్ణించి వచ్చాయో చూడలేదు. అత్తగారు మాత్రం కొడుకునీ కోడలినీ చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, టీవీ కట్టేసి మరీ ఆ వినోదం చూశారు. వేసవి సగమయ్యాక ఒకరోజు ఆయన తలెత్తి, గాభరాగా, "అదేమిటోయ్, తలకి కట్టు? ఎప్పుడు పడ్డావు?" అన్నాడు.

అత్తగారు ఇక ఆపుకోలేక పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. మేడమూ నవ్వింది. నవ్వింది గానీ లోపల చివుక్కుమంది. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. అనేంత పెద్ద సంగతా అది?

సెలవులయ్యాక కాబోయే డాక్టరమ్మ రికార్డులన్నీ ముందేసుకుని కూర్చుంది. "మేడమ్, అక్కడక్కడా ఉంగరపు వేలు ఊరికే కదులుతోంది. చిన్న చిన్న అదుర్లు. గ్లాసు అందించడానికీ వాటికీ సంబంధం లేదు. తీసేసి శుభ్రం చేయమంటారా?" అంది.

మేడమ్ మొహం కాస్త ముడుచుకుంది. వయసు మీదపడి చెయ్యి వణుకుతోందన్న మాట కుర్రపిల్ల నోటివెంట వినడం ఎవరికి బాగుంటుంది? "ఉండనీ. మనిషి చెయ్యన్నాక కాస్త అదురు ఉంటుంది. మరీ అంత శుభ్రం చేస్తే అది మనిషి చెయ్యి కాకుండా పోతుంది," అంది బింకంగా. అదుర్లు ఉండిపోయాయి.

కొత్తల్లుడు మారిపోయాడు. నెల తిరక్కుండా ల్యాబ్‌లో అందరికీ చుక్క ఒలక్కుండా నీళ్ళిచ్చాడు. కాబోయే డాక్టరమ్మకి ఇచ్చాడు, పక్క గదిలోవాళ్ళని పిలిస్తే వాళ్ళకీ ఇచ్చాడు. మేడమ్ తీసుకుంటున్నప్పుడు మాత్రం ఆవిడకి ఒళ్ళు జలదరించింది. తన చెయ్యే తనకి ఇస్తున్నట్టు అనిపించింది.

సరిగ్గా ఆ సంతోషంలో ఉండగా గాలి సారు కబురు పంపించారు.

గాలి సారంటే డీన్ గారు. ఎగిరే యంత్రాల మీద పనిచేస్తారు కనక ఆ పేరు. మాటలూ అంతకి తక్కువేం కాదు. ఆయన మేడమ్‌కి కాఫీ తెప్పించారు. కాఫీ తెప్పించారంటేనే ఆవిడ గుండెల్లో రాయి పడింది.

"చూడండి మేడమ్, యూనివర్సిటీకి గదులు చాలడం లేదు. బయటినుంచి కమిటీ వస్తోంది. ఏ ల్యాబ్ ఉండాలో, ఏది ఎత్తేయాలో వాళ్ళే తేలుస్తారు. మీరు పనిచేసే వస్తువు చూపిస్తే మీ గది మీకుంటుంది. లేదంటే..." ఆయన కిటికీ వైపు చూశారు. "మా ఎగిరే యంత్రాలకి చోటు కావాలి."

ఎగిరేవాటికి పైకప్పుతో పనేమిటో ఆయన చెప్పలేదు. మేడమ్ అడగనూ లేదు. గది పోతే కొత్తల్లుడు మెట్ల కింద విరిగిన కుర్చీల మధ్యకి పోతాడు. కాబోయే డాక్టరమ్మ ఇక ఎప్పటికీ కాబోయే డాక్టరమ్మే. తనకేమో ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. నీళ్ళు లేని గ్లాసు బొమ్మ బోర్డు మీద గీసి పాఠం చెప్పుకోవాలి. ఆ రోజు ఇంటికి వెళ్ళేదాకా ఆవిడ కళ్ళ ముందు ఆ మెట్ల కింది చీకటే.

కమిటీ వచ్చే రోజు కంగారులో కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది. ఫోన్ చేస్తే భర్త ఆఫీసుకి ఆలస్యమైనా పట్టుకొచ్చాడు. ఇన్నేళ్ళలో గేటు దాటి లోపలికి రావడం ఆయనకి అదే మొదలు. ల్యాబ్ దాకా వచ్చి, కళ్ళజోడు ఆవిడ చేతిలో పెట్టి, వెళ్ళడమా మానడమా అని గుమ్మంలో నిలబడ్డాడు.

కమిటీలో నలుగురు. అందులో పెద్దాయన ఏ ఫ్యాక్టరీలోనో యంత్రాల మధ్య జుట్టు నెరిపిన మనిషి. తక్కువ మాట్లాడతారు. కాబోయే డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే కొత్తల్లుడు రాజాలా నీళ్ళిచ్చాడు. పెద్దాయన తలూపారు.

"బావుంది. కానీ ఈ అమ్మాయి రోజూ దీని దగ్గర తాగేదేగా? ల్యాబ్ వాళ్ళు కాదు, దీన్ని ఎప్పుడూ చూడనివాళ్ళు కావాలి."

గాలి సారు చూపు గుమ్మం మీద పడింది. "ఇదిగో, మేడమ్ గారి భర్త ఉన్నారు! బయటివాళ్ళని తెచ్చి కావాలని చెడగొట్టామని రేపు మమ్మల్ని అనడానికీ ఉండదు."

"దీన్ని ఇంతకుముందు చూశారా?" అడిగారు పెద్దాయన.

"లేదండీ," అన్నాడాయన. అందులో అబద్ధం లేదు. చూడటం ఆయన అలవాట్లలో లేదు.

మేడమ్ ఒక అడుగు ముందుకేసింది. "సార్, ఒక్క మాట ఆయనతో..."

"వద్దు మేడమ్. మీరు నోరు మెదపకూడదు. ఆయనకి దాహం, దీనికి పని. మధ్యలో ఎవరూ ఉండకూడదు. ఏమండీ, కూర్చోండి. మీకు దాహమేసినప్పుడు చెయ్యి చాపండి, చాలు."

ఆయన కూర్చున్నాడు. అంతమంది తన వంకే చూస్తుంటే బిడియమేసింది కాబోలు, చేతులేం చెయ్యాలో తెలీక జేబులోంచి మడతపెట్టిన పేపరు తీశాడు. ఆ వెనకే పెన్సిలు. మేడమ్ కళ్ళు మూసుకుంది.

మూసుకున్న కళ్ళకి తప్పు ఎక్కడ జరిగిందో స్పష్టంగా కనిపించింది. ల్యాబ్‌లో కొత్తల్లుడి చేతి నీళ్ళు తాగినవాళ్ళంతా ఎక్కడ ఒళ్ళో పోస్తాడోనన్న భయంతో కళ్ళు పత్తికాయలంత చేసుకుని దానివంకే చూస్తూ తాగినవాళ్ళు. మిగతా పరీక్షలన్నీ పెట్టారు. తడి చెయ్యి, ఎడమ చెయ్యి, వణికే చెయ్యి అన్నీ అయ్యాయి. చూడని మనిషిని ఒక్కణ్ణీ కూర్చోబెట్టలేదు. మొదటి క్లాసులో వెనక్కి చెయ్యి పెట్టిన కుర్రాణ్ణి చూసి నవ్విన మనిషి, తన ల్యాబ్‌లో పప్పులో కాలేసింది.

ఆయన ఎడమచెయ్యి మెల్లిగా పక్కకి చాచుకుంది. చూపు గళ్ళమీదే ఉంది.

కొత్తల్లుడు గ్లాసు ఎత్తాడు. చక్కగా తెచ్చాడు. ఆ చేతికి జానెడు దూరంలో ఆగాడు. ఆగి, వెనక్కి తీసుకున్నాడు.

ఆయన వేళ్ళు గాలిలో తడుముకున్నాయి. కొత్తల్లుడు మళ్ళీ ముందుకొచ్చాడు, మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. కమిటీలో ఒకరు గొంతు సవరించుకున్నారు. గాలి సారు మొహం వెలిగింది. "ఇది కూడా మేడమ్ గారిలాగే ఆలోచించి ఆలోచించి ఇస్తుందన్నమాట," అన్నారు. కాబోయే డాక్టరమ్మ స్క్రీను మీద అంతా వెతికి, ఏ తప్పూ లేదన్నట్టు మేడమ్ వైపు చూసి బిక్కమొహంతో తల అడ్డంగా ఊపింది.

మేడమ్ నోరు తెరవబోయింది. పెద్దాయన వేలెత్తారు. అప్పుడు చూసుకుంది ఆవిడ, తన కుడిచేతిని. అది నడుం దాకా లేచి ఉంది. లేని గ్లాసుని పట్టుకుని, కాస్త ముందుకొచ్చి, వెనక్కి తగ్గి, ఆగి ఉంది. అచ్చం కొత్తల్లుడిలాగే.

ఆవిడకి ఏదో అర్థమవుతుండగానే గదిలో చప్పుడైంది.

టిక్, టిక్.

కొత్తల్లుడు ఉంగరపు వేలి ఇనపవైపుతో గ్లాసు మీద రెండుసార్లు కొట్టాడు. ఆ పని వాడికి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ల్యాబ్‌లో వాడు ఒక్కసారీ చెయ్యలేదు, చెయ్యాల్సిన అవసరం రాలేదు కనక.

మేడమ్ భర్త పేపర్లోంచి తలెత్తకుండానే నవ్వి, "ఒక్క గడే మిగిలిందోయ్," అన్నాడు. అని, అలవాటుగా గ్లాసు కోసం పక్కకి చూశాడు.

ఎదురుగా ఇనప చెయ్యి.

గది ఘొల్లుమంది. కమిటీలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ చేతినీ, దాని వేలినీ చూశాడు. తల తిప్పి, గది అవతల గాలిలో చెయ్యి పట్టుకుని నిలబడ్డ భార్యని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపుకి ఆవిడకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. తన కాపురమంతా ఎవరో బల్లమీద పెట్టి లైటు వేసినట్టుంది. చెయ్యి దించేసుకుంది. ఆయన పేపరు మడిచి కింద పెట్టి, పెన్సిలు దానిమీద పెట్టి, రెండు చేతులూ చాపాడు. కొత్తల్లుడు ముందుకొచ్చాడు. బరువు ఆ చేతుల్లోకి మారింది, పట్టు సడలింది. చుక్క ఒలకలేదు.

"ఆ చప్పుడు దానికి ఎవరు నేర్పారు?" అడిగారు పెద్దాయన.

జవాబు కుర్చీలోంచి వచ్చింది.

"అది మా ఇంటి చప్పుడండీ. రోజూ వింటాను. ఎక్కణ్ణించి వస్తుందో ఇవాళే చూశాను."

కాబోయే డాక్టరమ్మ చటుక్కున తలెత్తింది. "అదుర్లు, మేడమ్! తీసేస్తానన్న అదుర్లు!"

పెద్దాయన వంగి కొత్తల్లుడి వేలిని చూశారు. "అంటే చూడని చేతిలో గ్లాసు పెట్టకూడదని దీనికి తెలుసు. పిలవడం కూడా తెలుసు. మేడమ్, ఇది మీరు రాసిన నియమమా?"

"కాదండీ," అంది మేడమ్. "దానికి తెలుసని నాకు తెలీదు. నాకు తెలుసని కూడా నాకు తెలీదు."

పెద్దాయన లేచి ఆ కుర్చీలో కూర్చుని తనూ ఒక గ్లాసు తాగారు. తర్వాత మిగతా ముగ్గురూ వరసగా తాగారు. గాలి సారు కూడా సరదాగా కూర్చున్నారు గానీ, అంతలో ఫోనొస్తే చూసుకుంటూ చెయ్యి చాపారు. కొత్తల్లుడు వెనక్కి తగ్గాడు. టిక్, టిక్ అన్నాడు. గాలి సారు ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఆయన దాహం అలాగే ఉండిపోయింది. గుమ్మం దాటేటప్పుడు పెద్దాయన తలుపుని కాస్త పైకెత్తి వెయ్యాల్సి రావడం చూసి, "ఈ తలుపు బాగుచేయించండి. గది వీళ్ళదే," అని గాలి సారుతో చెప్పి వెళ్ళారు.

సాయంత్రం ఈ కథంతా విని అత్తగారు, "ఏమైతేనేం, ఇరవై ఏళ్ళకి నీళ్ళిచ్చావు. అదీ మావాడికే!" అన్నారు. నవ్వుతూనే కోడలి చెయ్యి తీసుకుని ఉంగరం వేలిని తడిమి చూశారు. "రోజూ వింటూనే ఉన్నానే అమ్మాయీ నేను కూడా," అన్నారు మెల్లిగా.

మేడమ్ కాఫీ కలిపి ముందు గదిలోకి తెచ్చింది. పేపరు బల్లమీద మడిచినది మడిచినట్టే ఉంది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా, వస్తున్న భార్యనే చూస్తున్నాడు. రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాయి.

ఆవిడ గ్లాసు అందించబోయింది. చెయ్యి జానెడు దూరంలో ఆగింది. కాస్త వెనక్కి తగ్గింది. టిక్, టిక్.

"చూస్తూనే ఉన్నాగా," అన్నాడాయన.

"నాకు తెలుస్తూనే ఉందండీ," అంది ఆవిడ. నవ్వు వస్తోంది, కళ్ళు మసకేస్తున్నాయి. "చేతికే ఇంకా తెలీదు. మీరు రోజూ చూస్తే నేర్చుకుంటుంది."

ఆయన చూపు తిప్పకుండా, చాచిన చేతులు దించకుండా అలాగే కూర్చున్నాడు.